చుక్క కాదు, చెక్క చూడండి

పాత బ్రయర్ పైపు వయసు, ఊరు, వంశం అన్నీ వేలెడంత చెక్క కాడ మీది ముద్రలోనే ఉంటాయి. ప్రేమగా మెరుగు పెట్టే చేతులే దాన్ని చెరిపేస్తుంటాయి

కోల్‌కతా కూరగాయల బజార్లలో కంద కొనేవాళ్లు ఊరి పేరు అడిగి మరీ కొంటారు. 'సంత్రాగాఛి ఓల్' అంటే గొంతు దురద పెట్టని కంద అని బెంగాలీల నమ్మకం. హుగ్లీకి ఆవలి ఒడ్డున, హౌరా జిల్లాలో ఉన్న సంత్రాగాఛి పేరు చెబితే ఇప్పుడు చాలామందికి గుర్తొచ్చేవి రైల్వే స్టేషన్, శీతాకాలంలో వలస పక్షులు దిగే చెరువు. చెన్నై, తిరుపతి రైళ్లు కొన్ని ఇక్కడి నుంచే బయల్దేరతాయి కనుక కోస్తా ప్రయాణికులకు ఆ పేరు కొత్త కాదు. కానీ పాతకాలపు పొగాకు పైపు గురించి మాట్లాడాలంటే స్టేషన్‌ను, పక్షులను పక్కనపెట్టి కంద దగ్గరే మొదలుపెట్టాలి. సాహెబులు, వాళ్ల తర్వాత బెంగాలీ బాబులు దర్జాగా నోట పెట్టుకున్న బ్రయర్ పైపుకు ముడిసరుకు అచ్చం అలాంటిదే. మట్టి కొట్టుకుపోయి, బుడిపెలతో, ఏ మూలా అందం లేని గడ్డ.

మధ్యధరా సముద్ర తీరాల్లో, కోర్సికా, సార్డీనియా, ఇటలీ దక్షిణ కొస, అల్జీరియా, గ్రీస్ కొండల్లో ఎరికా అర్బోరియా అనే పొద పెరుగుతుంది. దాన్ని ఫ్రెంచివాళ్లు బ్రూయేర్ అంటారు. ఇంగ్లిష్ నోళ్లలో పడి అది బ్రయర్ అయింది. కాండానికీ వేళ్లకూ మధ్య, నేలలో, ఈ పొదకు ఒక గడ్డ ఊరుతుంది. పైపు చేయడానికి పనికొచ్చేంత పెరగాలంటే కొన్ని దశాబ్దాలు పడుతుంది. తవ్వి తీసిన గడ్డను ఎండనివ్వకుండా తడిగా ఉంచి, చెక్కలుగా కోసి, గంటల తరబడి నీళ్లలో ఉడకబెడతారు. లోపలి వగరు రసం దిగిపోవాలి. ఆ తర్వాత నెలలు, కొన్నిసార్లు ఏళ్లు ఆరబెడతారు. ఇంత చేశాక మిగిలేది నిప్పును తట్టుకొనే చెక్క. మామూలు కర్రలో నిప్పు పెడితే గిన్నే కాలిపోతుంది. బ్రయర్ మాత్రం దట్టమైన అల్లికతో, సిలికాతో ఏళ్ల తరబడి వేడిని ఓర్చుకుంటుంది.

దీనికి ముందు యూరప్ మట్టి గొట్టాలతో, టర్కీ నుంచి వచ్చే మీర్‌షామ్ అనే తెల్ల రాతితో సరిపెట్టుకొంది. మట్టిది చేయి జారితే ముక్కలు, మీర్‌షామ్‌ది ఖరీదు. 19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లోని జూరా కొండల్లో ఉన్న సాన్-క్లోడ్ అనే పట్టణం బ్రయర్‌ను అందిపుచ్చుకొంది. అక్కడ అప్పటికే తరాలుగా కర్ర తిరగలి పనివాళ్లు ఉండేవారు. నెపోలియన్ పుట్టిన ఊరు చూడటానికి కోర్సికా వెళ్లిన ఒక భక్తుడి మీర్‌షామ్ పైపు విరిగిందని, స్థానికుడొకడు ఈ గడ్డతో మరొకటి చెక్కి ఇచ్చాడని ఒక కథ చెబుతారు. కథలో నిజమెంతో గానీ, సాన్-క్లోడ్ నుంచి పనితనం లండన్ చేరడం మాత్రం నిజం. అక్కడి కొమోయ్ కుటుంబంలోని ఆన్రీ కొమోయ్ 1879లో లండన్ వచ్చి పైపుల తయారీ మొదలుపెట్టాడు.

హుక్కా నుంచి పైపుకు

కోల్‌కతాకు పొగ కొత్తది కాదు. 18వ శతాబ్దపు కలకత్తాలో దొరలు విందులకు వెళ్లినా హుక్కా, దాన్ని మోసే హుక్కాబర్దార్ వెంట ఉండాల్సిందే. 1779లో వారెన్ హేస్టింగ్స్ దంపతులు పంపిన ఒక ఆహ్వానంలో, అతిథులు హుక్కాబర్దార్‌ను తప్ప వేరే నౌకర్లను వెంట తేవద్దని ప్రత్యేకంగా రాశారు. ఆ హుక్కాలలో బీదర్ పనివాళ్లు నల్ల లోహం మీద వెండి పొదిగి చేసిన అడుగు గిన్నెలు హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇప్పటికీ చూడొచ్చు. తర్వాతి తరం దొరలకు హుక్కా మరీ దేశీయంగా, మరీ బరువుగా తోచింది. జేబులో పట్టే పైపు వచ్చింది. దొరలను చూసి చదువుకున్న బెంగాలీ దాన్ని అందుకొన్నాడు. సత్యజిత్ రాయ్ నోట్లోనో చేతిలోనో పైపు ఉన్న ఫొటోలు లెక్కలేనన్ని. 1965లో ఆయన సృష్టించిన డిటెక్టివ్ ఫెలూదాకు మాత్రం పైపు ఇవ్వలేదు, చార్మినార్ సిగరెట్ ఇచ్చారు. హైదరాబాద్‌లోని వజీర్ సుల్తాన్ కంపెనీ సరుకు అది. షెర్లాక్ హోమ్స్ వారసుడి చేతిలో హైదరాబాదీ సిగరెట్ ఉండటాన్ని తెలుగువాళ్లు ఇంకా సరిగ్గా వాడుకోలేదు.

మన దగ్గర పైపు వెండితెర దాటి పెద్దగా కిందికి దిగలేదు. సిల్కు గౌను తొడుక్కొని మేడ మెట్లు దిగే జమీందారుకు, తెర వెనక కుట్రలు చేసే పెద్దమనిషికి అది ఆభరణం. జనం చేతిలో ఉన్నది చుట్ట. గిరీశం కాల్చిందీ చుట్టే. కానీ పొగాకు లెక్క తీస్తే కోల్‌కతా, కోస్తా ఆంధ్ర విడదీయలేనివి. 1910లో కలకత్తాలో పుట్టిన ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా, అంటే నేటి ఐటీసీ, ఆకు కోసం 1912లోనే గుంటూరు జిల్లాకు వచ్చి ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీని పెట్టింది. చౌరంఘీ రోడ్డు మీది దాని ప్రధాన కార్యాలయం పేరు వర్జీనియా హౌస్. గుంటూరు, ప్రకాశం రైతులకు వర్జీనియా అంటే అమెరికా రాష్ట్రం కాదు, బ్యారన్‌లో పచ్చబడే ఆకు. ఆ పేరు కోల్‌కతా నడిబొడ్డున ఒక భవనం నుదుటి మీద ఉంది.

రైలు కూడా అంతే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1900లో హౌరాను ఖరగ్‌పూర్‌తో కలిపింది. సంత్రాగాఛి ఆ దారిలోదే. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు పనుల కోసం వెళ్లిన తెలుగువాళ్లు అక్కడే స్థిరపడి బస్తీలు కట్టుకొన్నారు. కలకత్తా దాకా వెళ్లినవాళ్లూ తక్కువేం కాదు.

ముద్ర చదవడం

పాత పైపులు సేకరించేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. వాళ్లలో పొగ తాగేవాళ్లూ ఉన్నారు, జన్మలో అగ్గిపుల్ల గీయనివాళ్లూ ఉన్నారు. ఇద్దరూ మొదట చేసే పని ఒక్కటే. పైపును పక్కకు తిప్పి, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకొని, భూతద్దంతో కాడను చూడటం. పైపుకు మూడు భాగాలు. పొగాకు కూరే గిన్నె, దాన్నుంచి సాగిన చెక్క కాడ, ఆ కాడలోకి దిగే నల్ల గొట్టం. తయారీదారు పేరు, ఆకారం నంబరు, దేశం పేరు కాడ మీద అద్ది ఉంటాయి. నాణేల సేకరణలో అచ్చు ఎంతో, ఇక్కడ ఈ ముద్ర అంత. పక్కపక్కన పెట్టి పోల్చేది కూడా ముందుగా దీన్నే: అక్షరాల వంపు, వాటి మధ్య ఎడం, పేరు చివర ఎస్‌కు ముందు కామా ఉందా లేదా.

లండన్‌కు చెందిన డన్‌హిల్ సంగతి తీసుకోండి. ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో డ్యూక్ స్ట్రీట్‌లో పొగాకు దుకాణం తెరిచాడు, 1910లో పైపుల తయారీ మొదలుపెట్టాడు. నల్ల గొట్టం మీద తెల్ల చుక్క ఆ కంపెనీ గుర్తు. ఏ వైపు పైకి పెట్టుకోవాలో కొన్నవాడికి తెలియడం కోసం పెట్టిన ఆ చుక్క తర్వాత హోదాకు చిహ్నమైపోయింది. పెట్టెలో తాతగారి పైపు దొరికినవాళ్లు మొదట వెతికేది దాన్నే. కానీ చుక్క సాక్ష్యం కాదు. నల్ల గొట్టానికి ఎవరైనా ఒక రంధ్రం పెట్టి తెల్ల ముక్క దిగ్గొట్టొచ్చు. పాత గొట్టం విరిగితే ఇంకో డన్‌హిల్‌ది తెచ్చి తగిలించొచ్చు. గొట్టం మారుతుంది, చెక్క మారదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు చుక్కను వదిలేసి చెక్క చూస్తారు.

చెక్క కూడా సులభంగా నోరు విప్పదు. 1920ల నుంచి డన్‌హిల్ 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' చివర చిన్న అంకె ఒకటి అద్దుతూ వచ్చింది. అది తయారైన సంవత్సరానికి గుర్తు. 5 ఉంటే 1925, 15 ఉంటే 1935. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కేమిటంటే అంకెలు మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యాయి. 1920ల తొలి పైపు మీదా, 1960ల తొలి పైపు మీదా ఒకే అంకె ఉండొచ్చు. నలభై ఏళ్ల తేడా. అప్పుడు పోలికే దిక్కు. పేటెంట్ నంబరు ఉందా? గిన్నె పరిమాణాన్ని తెలిపే అంకె గుండ్రని సున్నాలో ఉందా? పక్కన చెక్క రకాన్ని తెలిపే అక్షరం ఉందా? ఇసుకను బలంగా చిమ్మి మెత్తటి భాగాన్ని కొట్టేసి, చెక్క వలయాలను గరుకుగా పైకి తేల్చే 'షెల్' పైపు అయితే, 1917లో తీసుకొన్న ఆ పద్ధతి పేటెంట్ నంబరు దాని మీద కనిపిస్తుందా? ఇలాంటి నాలుగు ప్రశ్నలకు జవాబులు ఒకే దిక్కు చూపితేనే సంవత్సరం ఖాయం చేస్తారు. ఒక్క ఆధారంతో తేల్చేవాడు అమ్మకందారే అయ్యుంటాడు.

ఇంత చిన్న చెక్క మీద దేశం పేరు ఎందుకు? చాలావరకు కస్టమ్స్ పుణ్యం. బ్రిటన్ 1887లో తెచ్చిన సరుకు గుర్తుల చట్టం, అమెరికా 1890లో తెచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం సరుకు పుట్టిన దేశం మీద పట్టుబట్టాయి. పరదేశీ సరుకును జనం గుర్తుపట్టి దూరం పెట్టాలన్నది అప్పటి రక్షిత వాణిజ్యవాదుల ఆలోచన. ఫలితం తలకిందులైంది. లండన్ పేరే ఒక ఆకర్షణ అయింది. వంద ఏళ్ల తర్వాత సేకరణకర్తలకు అది తేదీ చెప్పే సాధనమైంది.

దీనికి అన్నిటికన్నా చక్కటి ఉదాహరణ డబ్లిన్‌లోని పీటర్‌సన్. 1865లో కాప్ సోదరులు పెట్టిన దుకాణంలో లాత్వియా నుంచి వచ్చిన చార్లెస్ పీటర్‌సన్ అనే పనివాడు చేరి, తేమను అడుగున పట్టి ఉంచే పైపును 1890లో పేటెంట్ చేయించాడు. ఆ కంపెనీ పైపులను వరుసగా పెడితే ఐర్లండ్ రాజ్యాంగ చరిత్ర కళ్ల ముందుంటుంది. 1922 తర్వాతి వాటి మీద 'ఐరిష్ ఫ్రీ స్టేట్'. 1937 రాజ్యాంగం వచ్చాక 'ఎయిరె'. 1949లో బ్రిటిష్ కామన్‌వెల్త్ నుంచి తప్పుకొన్నాక 'రిపబ్లిక్ ఆఫ్ ఐర్లండ్'. డొమినియన్ హోదా నుంచి గణతంత్రం దాకా ఐర్లండ్ నడిచిన దారి, అది పాతికేళ్లలో నడిచిన దాన్ని ఇండియా రెండున్నరేళ్లలో నడిచింది, ఒక పైపు కాడ మీద మూడు మాటల్లో ఇమిడిపోయింది. ఇక్కడా జాగ్రత్త అవసరం. రాజ్యాంగం మారిన మర్నాడే ఏ కార్ఖానా పాత అచ్చులను గంగలో పారేయదు. ముద్ర చెప్పేది 'అంతకు ముందుది కాదు' అని మాత్రమే. పీటర్‌సన్ పైపుకు వెండి పట్టీ ఉంటే పని తేలిక. హాల్‌మార్క్‌లోని అక్షరం ఏ సంవత్సరంలో పరీక్షించారో చెప్పేస్తుంది. అదీ పట్టీ సంగతే అనుకోండి. విరిగిన కాడకు తర్వాత ఎప్పుడో పట్టీ వేయించి ఉండొచ్చు కదా.

బార్లింగ్ వాళ్లకు వెండి ఇంటి విద్య. 1812 నుంచీ లండన్‌లో వెండిపని చేసిన కుటుంబం అది. ఆ పైపుల్ని 1960కి ముందు, ఆ తర్వాత అని రెండుగా విడదీస్తారు. ఆ ఏడాది కుటుంబం సంస్థను వదులుకొంది, బ్రిటన్‌లోని ఇంపీరియల్ టొబాకో గూటికి అది చేరింది. పేరు అదే, ముద్ర మారింది, చెక్క మారిందని అభిమానుల ఫిర్యాదు. ముద్ర తేడా తెలియనివాడు రెండో రకాన్ని మొదటి రకం ధరకు కొంటాడు. ఈ రంగంలో మోసపోవడమంటే సాధారణంగా అంతే. ఎవరో దొంగ సరుకు అంటగట్టడం కాదు, నిజమైన సరుకునే తప్పుడు వయసుతో కొనడం.

యుద్ధం కూడా పైపు మీద గీత గీసింది. 1940లో ఫ్రాన్స్ ఓడిపోయింది, ఇటలీ శత్రువైంది, అల్జీరియా విషీ ప్రభుత్వం చేతిలో ఉండిపోయింది. బ్రయర్ వచ్చే దారులు మూతపడ్డాయి. అమెరికన్లు కాలిఫోర్నియా కొండల్లోని మాంజనీటా పొద గడ్డలను తవ్వి 'మిషన్ బ్రయర్' అని పేరు పెట్టుకొని పని నడిపించారు. 1941 ఏప్రిల్‌లో జర్మన్ బాంబులకు డ్యూక్ స్ట్రీట్‌లోని డన్‌హిల్ దుకాణం నేలమట్టమైంది. ఆ కాలపు పైపులు తక్కువ కాబట్టి వాటిపై ఆసక్తి ఎక్కువ.

మెరుగుతో మాయం

అసలు సమస్య ఇక్కడుంది. చెక్క మీది ముద్ర లోతు చాలా తక్కువ. తాతగారి పైపు బల్ల సొరుగులో దొరుకుతుంది. గిన్నె అంచు నల్లబడి, గొట్టం ఆకుపచ్చ గోధుమ రంగుకు తిరిగి, చూడటానికి అసహ్యంగా ఉంటుంది. ఇంట్లోవాళ్లు గరుకు కాగితంతో రుద్దుతారు, లేదా ఫర్నిచర్ పాలిష్ చేసేవాడికి ఇస్తారు. గంట తర్వాత అద్దంలా మెరిసే పైపు చేతికొస్తుంది. ఎవరు చేశారో, ఎక్కడ చేశారో, ఎప్పుడు చేశారో చెప్పే ఆధారం మాత్రం రజనుగా రాలిపోయి ఉంటుంది. నాలుగు వందల మైళ్ల గీతను అరగదీసిన అట్లాసు లాంటిదది, బొమ్మ మిగులుతుంది గానీ దారి దొరకదు. ముద్ర ఉన్న మురికి పైపుకు విలువ ఉంది, ముద్ర పోయిన మెరిసే పైపు ఒక చెక్కముక్క.

ఆ రంగు మారడం కూడా జబ్బు కాదు. గొట్టం వల్కనైట్‌తో చేసింది, అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. వెలుతురుకు, గాలికి గంధకం పైకి తేలి రంగు మారుతుంది. గొట్టాన్ని విడిగా తీసి శుభ్రం చేయొచ్చు, కాడ జోలికి పోనక్కర్లేదు. గిన్నె లోపలి మసి పొరను కూడా మొత్తం గీకేయరు. అరచేతిలో పైపును బిగించి గొట్టాన్ని మెలితిప్పుతూ లాగడం తెలియక కాడ చీల్చుకొనేవాళ్లూ ఉంటారు.

మరమ్మతు చేయకపోవడమే మేలన్నదానికి వాషింగ్టన్‌లో ఒక సాక్ష్యం ఉంది. అక్కడి స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన అమెరికా చరిత్ర మ్యూజియంలో ఐన్‌స్టైన్ పైపు ఒకటి ఉంది. డాక్టర్లు పొగ మానమన్నాక కూడా ఆయన పైపును నోట్లో పెట్టుకొని నములుతూ ఉండేవారు. నమిలి నమిలి గొట్టానికి బొక్క పడింది. ఏ మరమ్మతుదారైనా మొదట మార్చేది ఆ గొట్టాన్నే. మ్యూజియం దాచిపెట్టింది ఆ బొక్క కోసమే అనుకోవచ్చు.

కోల్‌కతాలో పాత ఇళ్ల సామాను చేతులు మారే చోటు రసెల్ స్ట్రీట్. దొరలు వెళ్లిపోతూ వదిలేసిన ఫర్నిచర్, గ్రామఫోన్లు, పింగాణీ వేలం వేసిన దుకాణాలకు అది పెట్టింది పేరు. 1940లో మొదలైన రసెల్ ఎక్స్‌ఛేంజ్ మీద 2014లో డాక్యుమెంటరీ కూడా వచ్చింది. వేలం పాటలో చిన్నచితక వస్తువులను కలిపి ఒక లాటుగా పెట్టడం పద్ధతి. కొనేవాడికి ముద్ర చదవడం వస్తే లాభం, అమ్మేవాడికి వస్తే ఇంకా లాభం. ఇద్దరికీ రాకపోతే గరుకు కాగితం గెలుస్తుంది. మరో సంగతి, వందేళ్లు దాటిన హస్తకళా వస్తువులు 1972 పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి, ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపడం కుదరదు. శిల్పాలు, చిత్రాల కోసం రాసిన చట్టం అది. 1920ల పైపులు నెమ్మదిగా ఆ గీత దాటుతున్నాయి.

ఇదంతా చదివి పైపు మీద మోజు కలిగితే ఒక మాట. సిగరెట్ కన్నా పైపు మేలన్న అపోహ పాతదే. అమెరికా సర్జన్ జనరల్ 1964లో ఇచ్చిన నివేదికే పైపు పొగకూ పెదవి క్యాన్సర్‌కూ కార్యకారణ సంబంధం ఉందని తేల్చింది. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో నిప్పు నోటి లోపల పెట్టుకొని తాగే అడ్డపొగ అంగిలికి ఏం చేస్తుందో వైద్యులు దశాబ్దాల క్రితమే చూశారు. పొగాకు ఏటా ప్రపంచంలో 70 లక్షల మందికి పైగా ప్రాణాలు తీస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. డ్యూక్ స్ట్రీట్ చెక్క దానికి మినహాయింపు కాదు.

సేకరించడానికి తాగాల్సిన పనిలేదు. సొరుగులో పైపు దొరికితే పొడి గుడ్డతో దుమ్ము దులిపి, కిటికీ పక్కన ఏటవాలు వెలుతురులో కాడను రెండు వైపులా ఫొటో తీయాలి. కనిపించిన ప్రతి అక్షరం, అంకె, అరిగిన చోటుతో సహా కాగితం మీద రాసుకోవాలి. అది ఎవరిదో తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లు చెప్పింది కూడా అదే కాగితం మీదికి ఎక్కాలి. ఏ ముద్రా ఆ పేరు చెప్పలేదు.